బంతి చప్పుడుతో భౌతికశాస్త్రం: ఫైఫాక్స్ యాప్, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లపై సమీక్ష

ఫైఫాక్స్ అనే మొబైల్ యాప్‌ను, దానికి తోడుగా కంప్యూటరులో వాడుకోదగిన ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒకే ఒక్క పని దృష్ట్యా పరిశీలించి రాస్తున్న సమీక్ష ఇది. నేల మీద పడి ఎగిరే బంతి చప్పుడును రికార్డు చేసి, ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య గడిచిన కాలాన్ని బట్టి బంతి ఎంత ఎత్తుకు లేచిందో, ప్రతి దెబ్బకూ ఎంత శక్తి పోగొట్టుకుందో తెలుసుకోవడమే ఆ పని. తిరుపతిలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేవాడిగా నాకు దీని అవసరం ఏటా ఎదురవుతూనే ఉంటుంది. మొదటి సంవత్సరంలో అభిఘాతాల (వస్తువులు ఢీకొనడం) పాఠం ప్రత్యావస్థాన గుణకం (ఢీకొన్న తరువాతి వేగానికీ ముందటి వేగానికీ ఉన్న నిష్పత్తి) దగ్గరికి వచ్చేసరికి, బల్ల మీద చూపించగలిగింది ఏదీ లేక, నిర్వచనం చెప్పి, సూత్రం రాసి, ఒక లెక్క చేయించి ముందుకు సాగిపోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ ఒత్తిడిలో పిల్లలు కూడా అంతకు మించి అడగరు.

ఫైఫాక్స్‌ను జర్మనీలోని ఆకెన్ నగరంలో ఉన్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం వారు తయారుచేసి 2016లో విడుదల చేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఐఫోన్లకూ ఉచితంగా దొరుకుతుంది, ప్రకటనల బెడద లేదు. ఫోనులో ఉన్న మైకు, త్వరణ సెన్సరు, అయస్కాంత సెన్సరు వంటివాటిని ప్రయోగ పరికరాలుగా మార్చి చూపించే యాప్ ఇది. అందులో అనేక ప్రయోగాలున్నా నేను ఇక్కడ చెప్పబోయేవి రెండే. మొదటిది స్థితిస్థాపక, అస్థితిస్థాపక అభిఘాతాల (గతిశక్తి పోకుండా, పోతూ జరిగే ఢీకొనడాలు) పేరుతో ఉన్న ప్రయోగం, రెండవది చప్పుడుతో నడిచే స్టాప్‌వాచ్. ఆడాసిటీ ఇంకా పాతది. 2000లో బయటికి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ పాటలు కత్తిరించుకునేవారికీ, యూట్యూబ్‌కు గొంతు రికార్డు చేసుకునేవారికీ బాగా తెలిసినదే. దాన్ని ప్రయోగశాల పరికరంగా చూసేవారు మాత్రం మన ఊళ్లో తక్కువ.

పద్ధతి కొత్తదేమీ కాదు. ఎగిరే బంతి చప్పుడును బట్టి ప్రత్యావస్థాన గుణకాన్ని కొలవడం గురించి అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో 1977లోనే వ్యాసం వచ్చింది. అందులోని సూక్ష్మం ఇంతే. నేలను తాకి పైకి లేచిన బంతి మళ్లీ నేలను తాకేవరకు పట్టే కాలంలో సగం పైకి పోవడానికి, సగం కిందికి రావడానికి ఖర్చవుతుంది. కాబట్టి ఆ కాలాన్ని వర్గం చేసి, గురుత్వ త్వరణంతో గుణించి, 8తో భాగిస్తే అది లేచిన ఎత్తు వస్తుంది. చప్పుళ్ల మధ్య 0.6 సెకను గడిస్తే ఎత్తు దాదాపు 44 సెంటీమీటర్లు. ఒక విరామాన్ని దాని ముందరి విరామంతో భాగిస్తే వచ్చేదే ప్రత్యావస్థాన గుణకం, దాని వర్గమే మిగిలిన శక్తి భాగం. స్కేలు లేదు, కెమెరా లేదు, బంతి ద్రవ్యరాశి తెలియనక్కరలేదు. గుణకం వరకైతే గురుత్వ త్వరణం విలువ కూడా అక్కరలేదు. తిరుపతి అక్షాంశం దగ్గర ఆ విలువ సుమారు 9.78 కాగా మన పుస్తకాల్లో 9.8 అనో 9.81 అనో ఉంటుంది. ఆ తేడా వల్ల మీటరు ఎత్తుకు మూడు మిల్లీమీటర్లకు మించి తప్పు రాదు కనుక దాన్ని పట్టించుకోనక్కరలేదు.

శబ్దం బంతి దగ్గరి నుంచి ఫోను వరకు రావడానికి పట్టే కాలం సంగతేమిటని తెలివైన విద్యార్థి ఎవరైనా తప్పకుండా అడుగుతాడు, అడగాలి కూడా. మీటరు దూరానికి ఆ ఆలస్యం దాదాపు మూడు మిల్లీసెకన్లు. కానీ ప్రతి చప్పుడూ అంతే ఆలస్యంగా వస్తుంది కాబట్టి రెండు చప్పుళ్ల మధ్య కాలంలో అది కొట్టుకుపోతుంది. బంతి నిలువుగా ఎగరకుండా పక్కకు పోతే మాత్రం ఈ లెక్క చెడుతుంది. అందుకే బంతిని తిప్పకుండా, తోయకుండా జారవిడవాలి.

ఇక వాడకానికి వస్తాను. ప్రయోగం తెరిచి, మీట నొక్కి, బంతి వదిలితే చాలు. కొన్ని సెకన్లలో తొలి గెంతుల ఎత్తులు, ప్రతి గెంతుకూ మిగిలిన శక్తి శాతం తెర మీదికి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ముచ్చటేస్తుంది. మా పక్కింటి తొమ్మిదో తరగతి అబ్బాయిని బంతి పట్టుకుని నిలబెట్టి నేను ఫోను దగ్గర కూర్చున్నప్పుడు, వాడు "వదలమంటారా సార్?" అని అడిగాడు. ఆ మాటకే యాప్ లెక్క మొదలుపెట్టేసింది. నేను "వదులు" అన్నది రెండో చప్పుడైంది, బంతి నేలకు తగలకముందే తెర మీద ఒక గెంతు ఎత్తు ప్రత్యక్షమైంది. అప్పటి నుంచి మాటలు మాని చేతి సైగలతో నడిపించాం. ఈ సంగతి నవ్వుకోవడానికి చెప్పడం లేదు, ఈ యాప్‌కు ఉన్న అసలు పరిమితి ఇదే. అది బంతిని వినడం లేదు, ఒక హద్దుకు మించిన చప్పుడు ఏదైనా సరే వింటోంది.

ఆ హద్దును మనమే సరిచేసుకోవచ్చు. చప్పుడు స్టాప్‌వాచ్‌లో హద్దుతోపాటు కనీస విరామం అనే మరో అంకె కూడా ఉంటుంది. ఒక చప్పుడు విన్న తరువాత ఎంతసేపు మరో చప్పుడును లెక్కలోకి తీసుకోకూడదో అది చెబుతుంది. ఈ రెండు అంకెలను సరిగా కుదుర్చుకోవడంలోనే ప్రయోగం మంచిచెడ్డలు తేలిపోతాయి. హద్దు మరీ తక్కువగా పెడితే సీలింగ్ ఫ్యాను గొణుగుడును కూడా గెంతుగా లెక్కిస్తుంది. మరీ ఎక్కువగా పెడితే తొలి గెంతులు పట్టుబడి, తరువాతి మెత్తటి చప్పుళ్లు జారిపోతాయి. కనీస విరామం చాలా చిన్నదైతే ఎదురు గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని, బల్ల కంపనం కొత్త చప్పుళ్లుగా కనిపిస్తాయి. పెద్దదైతే చివర్లో దగ్గరదగ్గరగా పడే గెంతులు కలిసిపోతాయి. మధ్యలో ఒక చప్పుడు తప్పిపోతే ఫలితం మరీ విడ్డూరంగా ఉంటుంది. రెండు విరామాలు కలిసి ఒకటైపోవడంతో, మంచి టేబుల్ టెన్నిస్ బంతికైతే శక్తి 270 శాతం మిగిలిందని లెక్క తేలుతుంది. శక్తి నిత్యత్వ నియమం చదివిన విద్యార్థి ఆ అంకె చూసి ఉలిక్కిపడాలి. ఉలిక్కిపడకుండా రికార్డు పుస్తకంలో రాసేసుకుంటే తప్పు యాప్‌ది కాదు.

ఊరి చప్పుళ్ల సంగతి వేరే చెప్పాలి. తిరుమల బస్సులు తిరిగే దారుల పక్కన ఉన్న ఇళ్లలో పగటిపూట ఈ ప్రయోగం సాఫీగా సాగుతుందని ఎవరూ ఆశపడవద్దు. హారన్లు, మైకులు, పక్కింటి కుక్కరు విజిళ్లు, అన్నీ యాప్‌కు గెంతులే. రాత్రి పొద్దుపోయాక, ఫ్యాను ఆపి, తలుపులు మూసి చేస్తే అంకెలు బుద్ధిగా వస్తాయి. మే నెలలో తిరుపతిలో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఫోనును నేల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద పెడితే నేల అదురు మైకుకు చేరదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఫలితంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

నేల సంగతి కూడా అంత ముఖ్యమైనదే. మా ఇంట్లో హాలులో గ్రానైటు, వరండాలో కడప బండలు, మిద్దె మీద సిమెంటు ఉన్నాయి. మూడుచోట్లా ఒకే బంతిని ఒకే ఎత్తు నుంచి వదిలి చూడటం పిల్లలకు మంచి పని. గ్రానైటు మీద చప్పుడు పదునుగా, పొట్టిగా ఉండటంతో యాప్ దాన్ని సులువుగా పట్టుకుంటుంది. కడప బండల్లో కింద సిమెంటు సరిగా పరుచుకోని బండ మీద పడితే డొల్ల చప్పుడు వచ్చి, గెంతు కూడా తగ్గుతుంది. బండ కూడా కొంత శక్తిని తీసుకుని కదులుతోందని ఆ ఒక్క బండే పాఠం చెబుతుంది. చాప మీద, పరుపు మీద, మట్టి నేల మీద ఈ పద్ధతి పని చేయదు. అక్కడ గెంతూ తక్కువే, చప్పుడూ తక్కువే.

ఇప్పుడు యాప్ మీద నా ప్రధానమైన అభ్యంతరం చెబుతాను. అది తెర మీద చూపే ఎత్తుల్లో మనం బంతిని వదిలిన మొట్టమొదటి ఎత్తు కూడా ఉంటుంది. కొత్తవారు దాన్ని కూడా కొలిచిన విలువే అనుకుంటారు, నిజానికి అది కొలిచినది కాదు. బంతిని చేతిలోంచి వదిలేటప్పుడు చప్పుడు రాదు కదా, మరి పడటం ఎప్పుడు మొదలైందో మైకుకు ఎలా తెలుస్తుంది? తరువాతి రెండు విరామాల నిష్పత్తి ఎంతో చూసి, మొదటి దెబ్బకు కూడా శక్తి అదే నిష్పత్తిలో పోయి ఉంటుందని ఊహించి, వెనక్కి లెక్క కట్టి చూపే ఎత్తు అది. ఊహ బాగానే ఉంది గానీ, వేగం ఎక్కువగా ఉన్న దెబ్బకు సాధారణంగా గుణకం కొంత తగ్గుతుంది. తేలికైన బంతికైతే గాలి నిరోధం కూడా తోడవుతుంది. ఈ రెండు కారణాలూ ఒకే దిక్కుకు లాగడం వల్ల, పెద్ద ఎత్తు నుంచి వదిలినప్పుడు యాప్ చూపే తొలి ఎత్తు అసలు ఎత్తు కంటే తక్కువగా రావడానికే అవకాశం ఎక్కువ. టేపు పెట్టి కొలిచి, యాప్ అంకె పక్కన రాసుకుంటే ఆ తేడా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ ప్రయోగం మొత్తంలో విద్యార్థికి నిజమైన ఆలోచన పుట్టించేది ఆ తేడాయే. యాప్ మాత్రం దాన్ని మిగతా అంకెల వరుసలో ఏ హెచ్చరికా లేకుండా నిలబెట్టింది. టేపుతో కొలిచేటప్పుడు బంతి అడుగు నుంచి నేల వరకు కొలవాలన్నది మరువకూడదు. పైభాగం నుంచి కొలిస్తే టేబుల్ టెన్నిస్ బంతికి ఏకంగా నాలుగు సెంటీమీటర్లు అదనంగా చేరుతాయి.

గాలి నిరోధం మాటకు వస్తే, దాన్ని చిన్నచూపు చూడటానికి లేదు. టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు, బరువు 2.7 గ్రాములు మాత్రమే. 30 సెంటీమీటర్ల నుంచి వదిలితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లకు చేరుతుంది. ఆ వేగం దగ్గర గాలి నిరోధం బంతి బరువులో దాదాపు పన్నెండో వంతు ఉంటుంది. మీటరు, మీటరున్నర నుంచి వదిలితే ఇంకా ఎక్కువ. కాబట్టి శక్తి నష్టం అంతా నేల దెబ్బకే పోయిందని రాయడం తప్పు. గాజు గోలీకి, ఉక్కు గుండుకు ఈ చిక్కు లేదు. న్యూటన్ 1687లో ప్రచురించిన తన గ్రంథంలో లోలకాలతో చేసిన అభిఘాతాల ప్రయోగాలను వివరిస్తూ గాజు గోళాలకు ప్రత్యావస్థాన గుణకం 16కు 15 అనీ, బిగించి చుట్టిన ఉన్ని ఉండలకు 9కి 5 అనీ రాశాడు. గ్రానైటు మీద గోలీ వేసి, వచ్చిన గుణకాన్ని ఆ 0.94 పక్కన పెట్టి చూసుకోవడం పిల్లలకు ఉత్సాహాన్నిస్తుంది. ఆయనకు మైకు లేదు, గాలి నిరోధాన్ని కూడా విడిగా లెక్కగట్టి తీసేశాడు.

పోల్చి చూసుకోవడానికి మరో మంచి ఆధారం క్రీడల నిబంధనల్లో ఉంది. టేబుల్ టెన్నిస్ బల్ల మీద ప్రామాణికమైన బంతిని 30 సెంటీమీటర్ల నుంచి వదిలితే సుమారు 23 సెంటీమీటర్లు లేవాలన్నది నియమం. అంటే గుణకం 0.876. ఆ లెక్కన మొదటి రెండు చప్పుళ్ల మధ్య 0.434 సెకను, ఆ తరువాతి విరామం 0.380 సెకను ఉండాలి. నిజమైన బల్ల దొరికితే ఈ రెండు అంకెలు ఎదురుగా పెట్టుకుని యాప్‌ను పరీక్షించవచ్చు. మా వరండా బండ మీద మొదటి విరామం 0.42కు అటూ ఇటూగా వచ్చింది, అది బల్ల కాదు కాబట్టి దానితో నాకు పేచీ లేదు. లాన్ టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల నుంచి కాంక్రీటు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి. మన వీధి క్రికెట్‌లో ఆరు నెలలు నలిగిన టెన్నిస్ బంతిని ఆ పరీక్షకు పెడితే ఏమవుతుందో పిల్లలే కనుక్కోవాలి.

ఆడాసిటీ అవసరం ఇక్కడే వస్తుంది. యాప్ మనకు జవాబు ఇస్తుంది గానీ ఆ జవాబు ఏ చప్పుడు నుంచి వచ్చిందో చూపించదు. అదే చప్పుడును ఫోనులో వేవ్ ఫైలుగా రికార్డు చేసి, కంప్యూటరులో ఆడాసిటీతో తెరిస్తే కథ మొత్తం కళ్లకు కడుతుంది. ముందుగా చదునైన గీత, ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచిన ముల్లు, దాని వెనకే సన్నగిల్లుతూ పోయే కంపనం, మళ్లీ చదును, ఈసారి కాస్త పొట్టి ముల్లు, కాస్త తక్కువ ఎడం. ముళ్లు రానురాను పొట్టివై, దగ్గరై, చివరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మాట చప్పుడు ఏది, బంతి చప్పుడు ఏది అన్న సందేహం అక్కడ ఉండదు, ఆకారాన్ని బట్టే తెలిసిపోతుంది. ముల్లు మొదలైన చోట కర్సరు పెట్టి లేబుల్ వేసుకుంటూ పోయి, లేబుళ్లన్నీ టెక్స్ట్ ఫైలుగా తీసి స్ప్రెడ్‌షీటులో వేసుకుంటే విరామాలు, ఎత్తులు, గుణకాలు వరుసగా వచ్చేస్తాయి.

ఖచ్చితత్వం విషయంలో చప్పుడుకు వీడియో సాటిరాదు. సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరాలో ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 33 మిల్లీసెకన్లు పోతాయి. సెకనుకు 44,100 నమూనాలు తీసుకునే రికార్డింగులో ఒక నమూనాకూ మరోదానికీ మధ్య 23 మైక్రోసెకన్లే. ముల్లు ఎక్కడ మొదలైందో గుర్తించడంలో మనం మొత్తం ఒక మిల్లీసెకను పొరబడినా, 23 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చే తప్పు ఒక మిల్లీమీటరు. స్కేలు పక్కన పెట్టి కంటితో చూసి ఎగిరే బంతి ఎత్తును మిల్లీమీటరు వరకు చెప్పగలిగినవారు ఎవరూ లేరు. దూరాన్ని నేరుగా కొలవకుండా కాలాన్ని కొలిచి రాబట్టడం పెద్ద ప్రయోగశాలల పద్ధతి కూడా. మన తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణ పరిశోధన కోసం ఉన్న రాడారు కూడా వాతావరణం నుంచి తిరిగి వచ్చే సంకేతం ఎంత కాలానికి వచ్చిందో చూసే దాని ఎత్తును లెక్కిస్తుంది.

పాఠ్యపుస్తకంలోని అనంత శ్రేణి కూడా ఈ తరంగచిత్రంలోనే ప్రాణం పోసుకుంటుంది. గుణకం 0.876గా ఉండి, 30 సెంటీమీటర్ల నుంచి వదిలిన బంతి సిద్ధాంతం ప్రకారం అనంతమైనసార్లు గెంతాలి. కానీ ఆ అనంతమైన గెంతులన్నీ కలిపి సుమారు 3.7 సెకన్లలో ముగిసిపోవాలి, బంతి తిరిగిన దూరం మొత్తం 2.27 మీటర్లు కావాలి. అనంతమైనన్ని పదాలు కలిపితే పరిమితమైన మొత్తం ఎలా వస్తుందని గణితం తరగతిలో నమ్మని పిల్లలు, చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి పడి "టరర్" మంటూ ఆగిపోవడం విని, తెర మీద ఆ ఆగిపోయిన చోటును చూసి ఒప్పుకుంటారు. లెక్కకూ రికార్డింగుకూ చివర్లో కొంత తేడా వస్తుంది, గుణకం చివరివరకు ఒకేలా ఉండదు కనుక రావాల్సిందే. యాప్ తొలి గెంతుల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఈ భాగం దానిలో దొరకదు.

రికార్డింగు మరో విధంగా కూడా పనికొస్తుంది. టేబుల్ టెన్నిస్ ఆడేవారు చిట్లిన బంతిని బల్ల మీద కొట్టి, చప్పుడు వినే పక్కన పడేస్తారు. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (చప్పుడులో ఏ పౌనఃపున్యాలు ఎంత బలంగా ఉన్నాయో చూపే చిత్రం) తెరిచి మంచి బంతి చప్పుడును, చిట్లిన బంతి చప్పుడును ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, చెవి పట్టుకున్న తేడాను పౌనఃపున్యాల్లో కంటితో చూడవచ్చు.

ఆడాసిటీలోనూ లోపాలున్నాయి. మెనూలు కిక్కిరిసి ఉంటాయి, మనకు అక్కరలేని పాటల పనిముట్లే ఎక్కువ. ఫోను రికార్డర్లు చాలావరకు ఎం4ఏ రూపంలో దాచుకుంటాయి, దాన్ని తెరవాలంటే ఆడాసిటీకి మరో లైబ్రరీ విడిగా చేర్చాలి. అంతకంటే పెద్ద చిక్కు ఫోనులోని సొంత రికార్డరుతోనే. మాట స్పష్టంగా వినిపించడానికని అది నేపథ్య శబ్దాన్ని నొక్కేస్తుంది, మెత్తటి చప్పుడును పెంచుతుంది, గట్టి చప్పుడును తగ్గిస్తుంది. బంతి చప్పుడు దానికి చెత్త కిందే లెక్క. అందువల్ల శబ్ద తగ్గింపును ఆపగలిగి, వేవ్ రూపంలో దాచే రికార్డరు యాప్‌ను ఎంచుకోవాలి. లేదా ల్యాప్‌టాప్ మైకుతో నేరుగా ఆడాసిటీలోకే రికార్డు చేసుకోవాలి.

తరగతి గదికైతే ఫైఫాక్స్‌కు నా ఓటు. ఫోను తెరను అదే వైఫైలో ఉన్న కంప్యూటరు బ్రౌజరులో చూపించే సదుపాయం ఉండటం వల్ల, ప్రొజెక్టరు ఉన్న గదిలో ఎనభై మంది ఒకేసారి అంకెలు చూడగలుగుతారు. కొలతలను ఎక్సెల్ ఫైలుగా కూడా పంపుకోవచ్చు. పదిహేను నిమిషాల్లో పాఠం అయిపోవాలంటే ఇంతకు మించిన సాధనం నాకు కనిపించలేదు. ప్రాజెక్టు చేసే విద్యార్థికి, డిగ్రీ ప్రయోగశాలకు, గుణకం వేగంతో ఎలా మారుతుందో నిజంగా చూడదలిచినవారికి మాత్రం రికార్డింగు, ఆడాసిటీ తప్పవు. ఒకే గెంతుల వరుసను రెండింటితోనూ కొలిపించి, అంకెలు ఎక్కడ విడిపోయాయో విద్యార్థుల చేతనే చెప్పించడం నాకు బాగా నచ్చిన మార్గం. దానికి రెండు ఫోన్లుంటే చాలు, ఒకదానిలో యాప్, మరోదానిలో రికార్డరు. ఇన్‌స్టాల్ చేసుకునేవారు యాప్ అడిగే మైకు అనుమతి ఇవ్వాలి. ఈ ప్రయోగానికి అది ఒక్కటే అవసరం, కొలత నడుస్తున్నప్పుడు ఇంటర్నెట్ కూడా అక్కరలేదు, కాబట్టి ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవడం మేలు, ప్రయోగం మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే ఆ రింగుటోనుకు కూడా యాప్ ఎత్తు లెక్కగడుతుంది.